తల వీరభద్రపురానికి, చేతులు తాటివలసకి

సింగన్నవలస ప్రాంతీయ ఉన్నత విద్యా, వృత్తి శిక్షణ కేంద్రం పునర్వ్యవస్థీకరణ చట్టం అమల్లోకి వచ్చిన ఒకటో తారీకున, వెల్డింగ్ ఇన్‌స్ట్రక్టర్ ముద్దాడ జగ్గారావు తలను వీరభద్రపురంలోని విశ్వవిద్యాలయానికి, చేతులను తాటివలసలోని నైపుణ్య సంస్థకు బదిలీ చేశారు. మొండెం, కాళ్లు తలకు అనుబంధాలు కనుక తలతోపాటే వెళ్లాయి. రెండు ఊళ్ల మధ్యా నలభై ఎనిమిది కిలోమీటర్లు. తిన్నగా బస్సు లేదు, సింగన్నవలసలో దిగి మారాలి.

చట్టాన్ని తప్పు పట్టడానికేమీ లేదు. ఉన్నత విద్య ఒక శాఖ చూస్తుంది, వృత్తి శిక్షణ ఇంకో శాఖ చూస్తుంది. రెండూ ఒకే కప్పు కింద ఉండటంతో ఎవరి ఫైలు ఎవరికి పంపాలో తెలియక ప్రభుత్వం పాపం పదేళ్లుగా అవస్థ పడుతోంది. బిల్లు పొద్దున్న సభలోకి వెళ్లింది, మధ్యాహ్నం భోజనాలకు ముందే చట్టమై బయటికొచ్చింది. మధ్యలో ఒక సభ్యుడు లేచి, అక్కడ పనిచేసే మనుషుల సంగతేమిటని అడిగాడట. మూడో షెడ్యూల్లో ఉంది, చూసుకోమన్నారు. ఆయన చూసుకున్నాడో లేదో ఎవరికీ తెలియదు.

ఆ మూడో షెడ్యూలు కూడా ఆకాశంలోంచి ఊడిపడలేదు. కేంద్రం వాళ్లే రాసి పంపుకున్నారు. అంతకు ముందు సంవత్సరం శాఖ నుంచి ఒక ఫారం వచ్చింది. ప్రతి ఉద్యోగీ తన పనిలో పాఠం చెప్పడం ఎంత, పని నేర్పడం ఎంత అని విడివిడిగా నింపాలి. ఏదో ఒకటే రాస్తే రెండోదాన్ని తీసేస్తారేమోనని అందరికీ బెంగ పట్టుకుంది. స్టాఫ్ రూంలో టీలు తాగుతూ ఒక మాట మీదికి వచ్చి, ఒకరిది ఒకరు చూసి, అందరూ రెండు గళ్లల్లోనూ "సగం" అని రాశారు. ఆఖరికి గంట కొట్టే అటెండరు కూడా అలాగే రాశాడు. జగ్గారావుది గుండ్రటి దస్తూరి, ఆయన రాసింది అన్నిటికంటే స్పష్టంగా కనపడింది. ప్రభుత్వం వాళ్ల మాట కాదనలేదు.

అప్పగింతలు ఆఫీసు సూపరింటెండెంటు సన్యాసిరావు గదిలో జరిగాయి.

"ముందు సంతకాలు పెట్టీ జగ్గారావూ. తర్వాత పెడతానంటే చేతులుండవు" అన్నాడాయన.

"నొప్పేమైనా ఉంటాదా బాబూ?"

"జీవోలో నొప్పి మాట లేదు మరి."

నిజంగానే లేదు. చొక్కా చేతులు ఖాళీ అయి వేలాడాయి, అంతే. చేతుల్ని గోనెగుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసి, రసీదు తీసుకుని తాటివలస వెళ్లే జీపులో పెట్టారు. ఎక్కించేముందు అవి సూపరింటెండెంటు గారికి దణ్ణం పెట్టాయి. ఇరవై నాలుగేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?

ఇంటి దగ్గర జగ్గారావు భార్య చిన్నమ్మలు మొదటివారం అంతా ఏడ్చింది. రెండోవారం నుంచి వంట అరగంట ముందు మొదలుపెట్టింది. పొద్దున్నే మొగుడికి పళ్లు తోమి, బొత్తాలు పెట్టి, నాలుగు ముద్దలు తినిపించి వీరభద్రపురం బస్సు ఎక్కించేది. తాటివలసలో రెండో శనివారం సెలవు కాబట్టి ఆ ఒక్కరోజు చేతులు పొద్దున్న ఇంటికి వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లేవి. విశ్వవిద్యాలయానికి మాత్రం రెండో శనివారం పనిదినం. హాజరుకు విశ్వవిద్యాలయంలో వేలిముద్ర వెయ్యాలి, తాటివలసలో ముఖం చూపించాలి. అందువల్ల జగ్గారావు రెండుచోట్లా పనిచేస్తూనే రెండుచోట్లా గైర్హాజరు పడ్డాడు. దీని మీద ఆయన పెట్టుకున్న అర్జీ పరిశీలనలో ఉంది.

ఇంతవరకూ పెద్ద ఇబ్బందేమీ లేదు. ఇబ్బందల్లా నూకరత్నానిది.

నూకరత్నం పాత బ్యాచ్ పిల్ల. ఇరవై ఆరేళ్లుంటాయి. కేంద్రంలో చేరకముందు ఆరేళ్లు జీడిపిక్కల షెడ్డులో తొక్కలు తీసింది. ఆ తొక్కల నూనెకి వేళ్ల మీద చర్మం ఎలా లేస్తుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇంకో నలభై రోజుల్లో పరీక్ష. పాసైతే ఓడలు కట్టే కంపెనీలో వెల్డరు పని, తప్పితే మళ్లీ జీడిపిక్కలే. అన్నీ బాగానే చేస్తుంది గానీ ఓవర్‌హెడ్ దగ్గర చెయ్యి వణుకుతుంది. అంటే తలకంటే పైనున్న అతుకుని కింద నించుని, పైకి చూస్తూ వెయ్యడం. కరిగిన ఇనుము ఎక్కడ మీద పడుతుందోనని భయం.

దానికి జగ్గారావుదొక పద్ధతుంది. నేర్చుకునేవాళ్ల వెనక నించుని, మణికట్టు పట్టుకుని, నోటితో ఏమీ చెప్పకుండా చెవి పెట్టి వింటాడు. నూనెలో గారెలు వేగుతున్నట్టు చప్పుడొస్తే అతుకు సరిగ్గా పడుతున్నట్టు. చిటపటమంటే దూరమైనట్టు, మూగబోతే అంటుకుపోయినట్టు. చప్పుడు మారగానే మణికట్టుని ఇంతంటే ఇంత జరుపుతాడు. అలా ఇరవై నాలుగేళ్లలో తొమ్మిది వందల మందిని తయారుచేశాడు.

పాత బ్యాచ్ వాళ్లను చదువు పూర్తయ్యేదాకా విడదీయకూడదని చట్టంలో దయగల క్లాజు ఒకటుంది. అందుకని నూకరత్నం మొత్తంగానే సోమ, బుధ, శుక్రవారాలు వీరభద్రపురంలో పాఠానికి, మిగతా మూడురోజులు తాటివలసలో పనికి వెళ్లేది.

"సార్, మీ సేతులు బాగానే పట్టుకుంటన్నాయి" అంది ఒక బుధవారం. "గానీ నాను తప్పు సేసినా అలాగే పట్టుకునుంటన్నాయి."

"వాటికి వినపడదు కదమ్మా. చప్పుడెలా వస్తంది?"

"సిటపటమంటాది."

"అయితే దూరమైపోతన్నావు. దగ్గరికి తీ."

"ఎంత దగ్గరికి సార్?"

జగ్గారావు చూపించబోయాడు. భుజాలు రెండూ కదిలాయి. ఆ పిల్ల తల దించుకుని నోట్సు రాసుకుంది.

మర్నాడు నూకరత్నం తాటివలసలో ఫోన్ జాకెట్లో దోపుకుని, చెవికి తీగ తగిలించుకుని పనిలో దిగింది. వీరభద్రపురంలో జగ్గారావు టేబులు మీద చెవి ఆనించి ఫోన్ విన్నాడు. "ఇంకాస్త తీ... ఇంకాస్త... అదీ. గారెల సప్పుడు. ఒదిలీకు తల్లీ, ఒదిలీకు." నాలుగంగుళాల అతుకు, వంకర లేకుండా పడింది. తాటివలసలో ఆయన కుడిచెయ్యి నూకరత్నం మణికట్టుని రెండుసార్లు తట్టింది. ఎందుకు తట్టిందో ఆ చేతికి తెలియదు. వీరభద్రపురంలో జగ్గారావుకి కళ్లనీళ్లొచ్చాయి. తుడుచుకునే వీల్లేక అవి వాటంతటవే ఆరాయి. అంత సంతోషం ఆయన మళ్లీ ఎరగడు.

మూడో రోజుకి మెమో వచ్చింది. తాటివలస సంస్థకు చెందిన చేతులు వీరభద్రపురం విశ్వవిద్యాలయానికి చెందిన తల చెప్పినట్టు పనిచేసిన విషయం తమ దృష్టికి వచ్చిందని, ఇందుకు రెండు సంస్థల మధ్యా ఒప్పందం ఏదీ లేదని, స్వదస్తూరీతో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది.

తలకి చెప్పాల్సింది తెలుసు. రాయాల్సినవి చేతులు. "పిల్ల బతుకు కోసం చేశాను, తప్పయితే కానీండి. సగం మనిషి ఎవరికీ ఏదీ నేర్పలేడు" అని నూకరత్నానికి రెండుసార్లు చెప్పి వల్లె వేయించాడు. ఆమె బస్సులో కూడా వల్లె వేసుకుంటూ తాటివలస వెళ్లి, తెల్లకాగితం పరిచి, కుడిచేతికి పెన్ను అందించింది. చెవుల్లేని చేతికి చెప్పడం ఎలాగో ఆమె ఆలోచిస్తూ ఉండగానే అది గుండ్రంగా రాసుకుపోయింది: "ఇకముందు ఇటువంటి పొరపాటు జరగకుండా చూసుకోగలవాడనని మనవి. తమ విధేయుడు." ఆమె లాక్కోబోయేసరికి సంతకం కూడా అయిపోయింది.

ఆ రోజుతో ఫోన్లు ఆగిపోయాయి. వచ్చిన ఆదివారం నూకరత్నం కిలో మినప్పప్పు పట్టుకుని జగ్గారావు ఇంటికొచ్చింది.

"అమ్మా, గారెలొండండి. నాను తినడానికి కాదు, ఇనడానికొచ్చాను."

చిన్నమ్మలు ఏమీ అడగకుండా పప్పు నానబోసింది. సాయంత్రం ఆ పిల్ల పొయ్యి పక్కన పీట వేసుకుని, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి గాల్లోకి ఎత్తిపట్టుకుని కూర్చుంది. వాయి వాయికీ ఆమె మణికట్టు దానంతటదే జరగడం జగ్గారావు గుమ్మంలోంచి చూశాడు. అలా వరసగా నాలుగు ఆదివారాలు. వీధి వీధంతా గారెలు తిన్నది.

నూకరత్నం పాసైంది. ఓవర్‌హెడ్‌లో వందకి తొంభై నాలుగు. పరీక్షాధికారి అతుకు మీద వేలు పెట్టి రాసి చూసి, ఇది చెవితో వేసిన అతుకమ్మా అన్నాడు. పాసైతే చదువు పూర్తయినట్టే కాబట్టి దయగల క్లాజు అంతటితో చెల్లిపోయింది. సర్టిఫికెట్లు రెండు వచ్చాయి, తలకొకటి, చేతులకొకటి. కంపెనీ తరఫున మనుషుల్ని తీసుకోవడానికి వచ్చిన కాంట్రాక్టరు రెండోది మాత్రం తీసుకుని మొదటిది తిరిగిచ్చేశాడు.

"చేతులు చాలమ్మా. తలలు మా దగ్గర కావల్సినన్ని ఉన్నాయి."

"మరి సప్పుడెవరింటారండి?"

"దానికి మిషనుంది."

ఆమె ముందే సంతకాలు పెట్టేసింది. అందరూ అలాగే చేస్తారు. రోజూ ఉదయం ఆరింటికి కంపెనీ వ్యాను వచ్చి చేతుల్ని తీసుకెళ్లేది. తర్వాత దూరం ప్రయాణం లేకుండా కంపెనీ క్వార్టర్సులోనే వాటికి అరలు ఇచ్చారు. ఆదివారాలు ఓవర్‌టైము.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం నూకరత్నం జగ్గారావు దంపతుల్ని చూడ్డానికి వచ్చింది. కొత్త జాకెట్టు, చేతులు మడిచి కుట్టారు. చిన్నమ్మలు పళ్లెంలో అన్నం కలిపి, ఒక ముద్ద మొగుడికీ ఒక ముద్ద ఆ పిల్లకీ పెడుతోంది.

"నావల్లే కదమ్మా" అన్నాడు జగ్గారావు. "జీడిపిక్కలే నయమేమో. అక్కడ మనిషంతా ఉండీదానివి."

"లేదు సార్. మా అయ్య ముప్పయ్యేళ్లు జూట్ మిల్లుకెల్లాడు. అప్పుడీ సట్టం లేదు. అయినా మిల్లోళ్లకి కావల్సింది సేతులే. మిగతా మనిసి ఊరికినే ఎంట ఎల్లీవోడు. నాకిప్పుడు ఆ తిరుగుడైనా తప్పింది." ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు.

చిన్నమ్మలు పేరు ఏ షెడ్యూల్లోనూ లేదు కాబట్టి ఆమె తలా చేతులూ ఒకేచోట ఉన్నాయి. ఆ ఇంట్లో పని అందుకే సాగుతోంది.

అప్పుడే సర్వే అమ్మాయి ఒకతె గుమ్మంలోకి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ఫారాలు. ఇళ్లల్లో పనిచేసుకునే ఆడవాళ్ల కోసం వచ్చే సమావేశాల్లో మంచి బిల్లు ఒకటి పెడుతున్నారట. ఎవరూ మిగిలిపోకూడదని ఆదివారం కూడా తిరుగుతున్నారట.

"అమ్మగారూ, రెండే ప్రశ్నలు. మీ పనిలో తలతో ఆలోచించి చేసేదెంత, చేతులతో చేసేదెంత?"

"రెండూ కలిపే కదే అమ్మా సేత్తాం. ఉప్పెంతో తలకి తెలవాల, ఎయ్యడం సేతికి తెలవాల."

"అలా గడి లేదండి. ఏదో ఒకటి చెప్పండి, నే రాసుకుంటాను."

చిన్నమ్మలు మొగుడి నోటికి పెద్ద ముద్ద అందించి, చెయ్యి పళ్లెం అంచుకి రాస్తూ ఒక్క క్షణం ఆలోచించింది.

"సగం సగం రాసీ" అంది.

జగ్గారావు గుడ్లు తేలేశాడు. నోటినిండా అన్నం ఉంది. ఆయన నమిలి మింగేలోపు ఆ అమ్మాయి రెండు గళ్లూ నింపి, థాంక్సండీ అని చెప్పి పక్కింటి మెట్లెక్కింది. ఆయన గబగబా నోరు తెరిచాడు. చిన్నమ్మలు ఆకలనుకుని ఇంకో ముద్ద పెట్టింది. ఆయన తినేశాడు.