చక్కగా పనిచేస్తోంది, కనుక పారేయండి

పనిచేస్తున్న వస్తువును పారేయగలగడమే నాగరికతకు గుర్తు. చెడిపోయినదాన్ని ఎవరైనా పారేస్తారు. అందులో త్యాగమేముంది? నిక్షేపంగా వెలుగుతున్న ఫోనును, గీతైనా పడని అద్దంతో సహా, చిరునవ్వుతో చెత్తబుట్టకు సమర్పించగలిగిననాడే మనిషి ఎదిగినట్టు!

ఈ మాటకు మీ కనుబొమలు ముడిపడుతున్నాయని తెలుసు. కొన్న ఫోను కలకాలం రావాలని, బ్యాటరీ నీరసిస్తే బ్యాటరీ ఒక్కటే మార్చుకోవాలని, అద్దం పగిలితే అద్దం ఒక్కటే వేయించుకోవాలని ఆశపడే పాతకాలపు ప్రాణులు మీరు. నేనూ మొన్నమొన్నటిదాకా ఆ అజ్ఞానంలోనే ఉన్నాను. అటక నిండేటన్ని తత్త్వగ్రంథాలు చదివినా నాకు అబ్బని వైరాగ్యాన్ని ఫోను కంపెనీలు అలవోకగా నేర్పాయి. ఆ గురుఋణం కొంతైనా తీర్చుకుందామనే ఈ వ్యాసం.

'నేనెవరు?' అన్న ప్రశ్నతో సగం జీవితం గడిపినవాణ్ణి. జవాబు దొరకలేదు సరికదా, ఆ ప్రశ్న అడిగే తోడు కూడా దొరకలేదు. ఇప్పుడు రోజూ ఉదయాన్నే నా ఫోను నా ముఖాన్ని నిదానంగా పరిశీలించి, 'గుర్తించలేకపోయాను, మళ్లీ ప్రయత్నించండి' అంటోంది. ఇంతకంటె నిజాయితీ గల గురువును నేను చూడలేదు. అద్దం ఏనాడైనా ఇంత ధైర్యం చేసిందా?

ఇక బ్యాటరీ సంగతి. పూర్వం ఫోను వెనక చిన్న మూత ఉండేది. గోటితో లేపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. దేహం వేరు, ప్రాణం వేరు అన్న భ్రమలో జనం బతికేవారు. కంపెనీలు ఆ ద్వైతాన్ని ఒక్క జిగురు సీసాతో తుడిచిపెట్టాయి. ఇప్పుడు ఫోనే బ్యాటరీ, బ్యాటరీయే ఫోను. పండితులు వాదించి తేల్చలేకపోయిన విషయమిది! నా ఫోనుకు ఒకసారి బ్యాటరీ మార్పిద్దామని మరమ్మతు దుకాణానికి వెళ్లాను. అతను దాన్ని వేడిగాలి కింద పెట్టి, అంచుల్లో రేకు దూర్చి, నిట్టూర్చాడు.

"తెరవమంటారా సార్? బతుకుతుందని మాత్రం మాటివ్వలేను. మీకు దగ్గరివాళ్లు ఎవరైనా ఉంటే పిలవండి."

ఫోను బతికింది. ఆ బతకడమే మా ఇంటికి చేటు తెచ్చింది. ఎలాగో చెబుతాను.

మా ఆవిడ ఒక బళ్లో పసిపిల్లల తరగతికి టీచరు. చెవులు బాగా మందగించాయి. రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టుకుంటుంది. చిక్కుడుగింజంత ఉంటాయి. వాటికి మీటలు లేవు. మీటలుంటే అందం పాడవుతుందట. అందుకని వాటిని నడిపించే బాధ్యత ఫోనులోని యాప్‌కు అప్పగించారు. యాప్ తెరిస్తే నాలుగు పద్ధతులు కనిపించేవి: ఇల్లు, తరగతి, వీధి, సభ. ఎక్కడికి వెళితే అది నొక్కుకోవాలి. ఫోను నాది కాదు, ఆవిడది. నా ఫోనుకు కవల, అదే వయసు. బ్యాటరీ మార్పించుకున్న ధైర్యంతో రెంటినీ మరికొన్నేళ్లు నడుపుదామని మేమిద్దరం ఒక దురాలోచన చేశాం.

ఒక రోజు బళ్లో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఆవిడ వెనక వరుసలో కూర్చుని 'సభ' నొక్కింది. దూరంగా వేదిక మీది మాటలు స్పష్టంగా వినిపించాయి. పక్కవాళ్ల గుసగుసలు మాయమయ్యాయి. ఆ పద్ధతి గొప్పతనమే అది. దూరపు మాటను దగ్గరికి తెస్తుంది, దగ్గరి మాటను అల్లరిగా భావించి అణచివేస్తుంది.

మర్నాడు యాప్ తెరిస్తే ఒకే వాక్యం: 'ఈ ఫోనుకు మా సేవలు ముగిశాయి. ఇంతకాలం మాతో ఉన్నందుకు ధన్యవాదాలు.' యాప్ మూసుకుపోయింది. మిషన్లు మాత్రం సభలోనే ఉండిపోయాయి. తీసి మళ్లీ పెట్టుకున్నా సభే, తీసేస్తే అదీ వినపడదు.

మిత్రులారా, అప్పటినుంచి మా దాంపత్యం కొత్త మలుపు తిరిగింది! నేను పక్కన కూర్చుని ఏమన్నా ఆవిడకు వినపడదు. వీధి గేటు దగ్గర నిలబడి గొణిగినా వినిపిస్తుంది. పొద్దున్నే కాఫీ అడగాలంటే చెప్పులేసుకుని బయటికి నడుస్తాను. ఏకాంతంలో చెప్పుకోవలసిన మాటలు ఎదురింటి ప్రహరీ దాకా వెళ్లి చెబుతున్నాను. భార్యాభర్తల మధ్య కాస్త దూరముంటేనే అవగాహన పెరుగుతుందని ఎన్ని పుస్తకాల్లో చదవలేదు? కంపెనీవారు ఆ దూరాన్ని అడుగులతో సహా ఏర్పాటు చేశారు.

ఎదురింటి పెద్దావిడ మూడు రోజులు ఓపిక పట్టింది. నాలుగోనాడు నన్ను గేటు దగ్గర ఆపింది.

"ఏం నాయనా, ఇంట్లోకి రానివ్వడం లేదా?"

"అదేం లేదు పిన్నిగారూ. ఇక్కణ్ణించైతేనే వింటుంది."

"మా ఆయనా అంతే అనేవాడు. చివరికి నేనే పిలిచి అన్నం పెట్టేదాన్ని. ఏం తప్పు చేశావో ఒప్పేసుకో, పోతుంది."

లోపల్నుంచి మా ఆవిడ పకపకా నవ్వడం వినిపించింది. పెద్దావిడ మాట పొల్లుపోకుండా చేరింది మరి!

సమస్యను పరిష్కరించడానికి బావమరిది వచ్చాడు. మా ఇంట్లో అతని పేరు 'అప్‌డేట్'. ఏటా ఫోను మారుస్తాడు. పాతదాన్ని తలచుకోడు, కొత్తదాన్ని పొగడడు. అచ్చం గీతలో చెప్పిన స్థితప్రజ్ఞుడు.

"బావా, ఇంత రాద్ధాంతం దేనికి? నా ఫోనులో యాప్ వేద్దాం. అక్క చెవులు ఐదు నిమిషాల్లో దారికొస్తాయి."

యాప్ చక్కగా తెరుచుకుంది. రంగులు మారాయి, ఒక బొమ్మ చేయి ఊపింది. మిషన్ల కోసం చాలాసేపు వెతికింది. ఆ తర్వాత, 'ఈ మిషన్లు పాతవి. దయచేసి కొత్తవాటితో ప్రయత్నించండి' అంది.

బావమరిది ముఖంలో రంగు మారడం మొదటిసారి చూశాను.

"అంటే... ఫోను మార్చినా సరిపోదా?"

"చెవులు కూడా మార్చుకోమంటోందిరా," అంది మా ఆవిడ. బావమరిది గది ఆ మూల నిలబడ్డాడు కనుక అతని గొణుగుడు ఆవిడకు వినిపించింది. "తలే మార్చేసుకుంటే ఇంకా చవకేమో, కనుక్కో!"

ఈ అమరికలోని సౌందర్యాన్ని గమనించారా? పాత ఫోను మిషన్లను గుర్తుపడుతుంది, యాప్‌ను తెరవలేదు. కొత్త ఫోను యాప్‌ను తెరుస్తుంది, మిషన్లను గుర్తుపట్టదు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఆదర్శ కుటుంబమంటే ఇంతకంటె ఏముంటుంది?

మిషన్లు అమ్మిన కంపెనీకి ఫోను చేశాను. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"మీ ఫోనులో ఏ లోపమూ లేదు సార్."

"సంతోషం. మరి మిషన్లలో?"

"వాటిలోనూ లేదు సార్. చాలా మంచి మోడల్."

"మరి లోపమెక్కడుందమ్మా?"

"లోపమే లేదు సార్. సపోర్టు ముగిసింది, అంతే."

"మీ దుకాణానికి తెస్తే, కనీసం 'తరగతి'లో పెట్టి ఇవ్వగలరా?"

"మా దగ్గరా అదే యాప్ సార్."

ఎంత గొప్ప జవాబు! లోపం లేనిదానికి మరమ్మతు ఎలా చేస్తారు? జబ్బు లేని రోగికి వైద్యుడేం చేయగలడు? చేయగలిగిందల్లా అంత్యక్రియలే. ఆ అమ్మాయి వాక్యాన్ని రెండు రోజులు మననం చేశాను. బాగా పనిచేస్తున్నా, చుట్టూ ఉన్నవి మారిపోతే, తప్పుకోవలసిందే. ఇది యంత్రాలకే ఎందుకు పరిమితం కావాలి? ఇంత అందమైన సూత్రాన్ని మనుషులకూ వర్తింపజేస్తే లోకం ఎంత శుభ్రంగా ఉంటుంది!

నా కోరిక వెంటనే తీరింది. ఆ వారంలోనే బడి హెడ్‌మిస్ట్రెస్ మా ఆవిడను తన గదికి పిలిచింది. కుర్చీ చూపించింది, తలుపు వేసింది. మంచి మనిషి. బల్లకు ఆ చివర కూర్చుంది కనుక మా ఆవిడకు ప్రతి అక్షరమూ వినిపించింది.

"మీ పనికి వంక పెట్టడానికి లేదు టీచర్. కానీ పిల్లలు చెప్పేది మీకు వినబడకపోతే రేపు ఏదైనా జరిగితే? వచ్చే టర్ము మొదలయ్యేలోగా మీ మిషన్లు బాగుచేయించుకోండి. లేకపోతే మిమ్మల్ని లైబ్రరీకి మారుస్తాను. అక్కడ ఎటూ ఎవరూ మాట్లాడరు."

"మిషన్లు బాగానే ఉన్నాయి మేడమ్."

"అదే కదా బాధ. పాడైతే బాగుచేయించేవారు."

పసిపిల్లల తరగతి ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసు? ముఖ్యమైన విషయమేదీ ఆ వయసువాళ్లు దూరం నుంచి చెప్పరు. దూరం నుంచి చెప్పేవన్నీ ఫిర్యాదులు: వీడు గిల్లాడు, అది నా పెన్సిల్ తీసుకుంది. అవన్నీ మా ఆవిడకు ఇప్పుడు గంట కొట్టినట్టు వినిపిస్తున్నాయి. కడుపు నొప్పి గురించి, తడిసిన నిక్కరు గురించి, ఇంట్లో అమ్మానాన్నలు పోట్లాడుకున్న సంగతి గురించి చెప్పాలంటే మాత్రం టీచరు కొంగు పట్టుకుని, మెడ వంచి, చెవిలో నోరు పెట్టి చెబుతారు. మిషన్లు సరిగ్గా ఆ మాటల్నే పక్కవాళ్ల అల్లరిగా లెక్కగట్టి అణచివేస్తున్నాయి.

ఆ తరగతిని వదలాల్సి వస్తుందేమోనన్న భయం ఆవిడ నాతో చెప్పుకోలేదు. అయితే లైబ్రరీ గురించి నేనొక వేదాంతం మొదలుపెట్టగానే వరండాలోంచి లేచి నా పక్కకు వచ్చి కూర్చుంది. నా మాట వినదలుచుకోనప్పుడు ఆవిడకు ఇప్పుడున్న సులువైన మార్గం అదే.

ఇవాళ బడి నుంచి వచ్చాక సంచీ కూడా దించకుండా నన్ను గేటు దగ్గరికి పంపింది. తాను వరండా మెట్టు మీద కూర్చుంది. మాట్లాడాలన్నమాట.

"మన మూగమ్మ లేదూ?"

ఆ తరగతిలో ఒక పాపకు ఆవిడ ముద్దుగా పెట్టిన పేరది. బళ్లో చేరినప్పటినుంచీ ఒక్క మాటా మాట్లాడని పిల్ల. అడిగితే తల ఊపుతుంది, లేకపోతే కిటికీలోంచి చూస్తుంది. ఆ పిల్ల నోరు తెరిపించాలని మా ఆవిడ చేయని విద్య లేదు.

"ఏం, మాట్లాడిందా?"

"మాట్లాడింది. అందరూ బయట ఆడుకుంటుంటే ఒక్కతే వచ్చింది. నా మెడ చుట్టూ చేతులేసి చెవిలో చెప్పింది. చాలాసేపు చెప్పిందండీ. దాని ఊపిరి తగులుతోంది. పెదాలు కదులుతున్నాయని తెలుస్తోంది."

"ఏం చెప్పింది?"

"ఏమో."

ఎదురింటి పెద్దావిడ ఊడుస్తున్న చీపురు ఆగింది.

"మళ్లీ చెప్పమనలేకపోయావా?"

"ఎలా అంటానండీ? అంత ధైర్యం చేసి చెప్పి, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. వినలేదంటే ఇక జన్మలో నోరు తెరుస్తుందా?"

"మరేం చేశావు?"

"సరేనన్నాను."

"దేనికి?"

"అదే కదా తెలియంది! సరేననగానే ముఖం ఇంత చేసుకుని పరిగెత్తింది. దేనికి ఒప్పుకున్నానో, ఏం చేస్తానని మాటిచ్చానో. రేపు పొద్దున్నే వచ్చి నావైపు చూస్తుంది. నేను చేయలేదని తెలుసుకుంటుంది."

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఓదార్పుగా చెప్పదగిన వాక్యాలు నేను చదివిన పుస్తకాల్లో చాలానే ఉన్నాయి. అనిత్యం గురించి, మాటకు అందనిదాని గురించి. ఒక్కటీ ఆ దూరం దాటి వెళ్లేలా కనిపించలేదు.

అయినా నా సిద్ధాంతం మారలేదు సుమా! పాతవి పోవాలి, కొత్తవి రావాలి. ఫోనూ మారుస్తాం, మిషన్లూ మారుస్తాం, కంపెనీలు చల్లగా ఉండాలి. కొత్త మోడల్లో నీటిచుక్క రాలిన చప్పుడు కూడా వినిపిస్తుందని ప్రకటనలో చదివాను. చాలా సంతోషం. నాదొక చిన్న సందేహం, తీర్చగలరేమో చూడండి. ఇవాళ మధ్యాహ్నం ఒక పాప మా ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. అది వినిపించే మోడల్ ఎప్పుడు విడుదల చేస్తున్నారు? పాప రేపు బడికి వచ్చేలోగా కావాలి.