డోర్ నెంబరు ప్రకారం ఆపరేషన్లు

నరసరావుపేటలోని ఒక కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ పని చూసే షాహిదాకు ఆ ఉదయం ఉన్న పని చిన్నదే. నూజెండ్ల దగ్గరి ఊళ్ళో పెట్టిన ఉచిత శిబిరంలో ఇరవై రెండు మందికి శుక్లాలు తేలాయి. వాళ్ళ జాబితాను ఆ ఊరి ఆశా కార్యకర్త దేవిక పంపింది. పేరు, డి.నెం., ఫోన్ నెంబరు. షాహిదా ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి, ప్రింటు తీసి, మేనేజర్ కృపాదానం బల్ల మీద పెట్టి టీకి వెళ్ళింది.

డి.నెం. అంటే దేవిక ఉద్దేశంలో డోర్ నెంబరు. స్ప్రెడ్‌షీట్ మాత్రం 2-6 నెంబరు ఇంటిని జూన్ రెండుగా, 2-7ను జూలై రెండుగా మార్చేసింది. వరసగా తేదీలు చూసిన కృపాదానం డి అంటే డేటేనని తేల్చుకున్నాడు. డాక్టరుగారు ఇచ్చిన తేదీలే కాబోలనుకుని, అందరికీ తనే మెసేజ్‌లు పంపేశాడు.

మధ్యాహ్నానికి ఫోన్లు మొదలయ్యాయి.

"మా వాకిట్లో నిలబడితే వాళ్ళ వంటిల్లు కనపడద్ది. వాళ్ళకి జూన్, మాకు జూలై ఏందండీ?" అన్నాడొకాయన.

ఒకే ఇంట్లో ఉండే అత్తాకోడళ్ళకు ఒకే రోజు పడింది. "ఇద్దరం కంటికి కట్టు కట్టుకుంటే కూడెవరు వండేది?" అంది కోడలు.

ఆరోగ్యమ్మ ఇల్లు 1-45. ఆమెకు 1945 జనవరి వచ్చింది. మనవరాలు చదివి చెప్పగానే, ఆ పిల్లను తోడు తీసుకుని బస్సెక్కి ఆసుపత్రికే వచ్చేసింది.

"నా తారీఖు దాటిపోయిందంట గదమ్మా. అప్పటికి నేను పుట్టనే లేదు. మా అమ్మకి పెళ్ళి గూడా గాలేదు. ఎట్టా వచ్చేదాన్ని?"

ఆమె ఈ మాటలు చెబుతున్నది కుర్చీకి తగిలించిన తెల్లకోటుతో. షాహిదాకు నవ్వు రాలేదు.

"ఇటు మామ్మా, నేనిక్కడున్నా. తప్పు మాదే. సరిచేస్తా."

ముందు ఆ తేదీలను మామూలు అక్షరాలుగా మార్చబోయింది. స్ప్రెడ్‌షీట్ తేదీలను లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది కాబట్టి, అవి చాలావరకు నలభై ఆరు వేల చిల్లర అంకెలయ్యాయి.

"ఇయ్యి టోకెన్ నెంబర్లా?" అన్నాడు కృపాదానం, ఫోన్ తీస్తూ.

"మీరేమీ పంపొద్దు సార్."

దేవిక పంపిన అసలు ఫైలును ఈసారి నేరుగా తెరవకుండా, డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేస్తూ, డి.నెం. నిలువు వరుసను టెక్స్ట్‌గానే ఉంచమని ముందే చెప్పింది. 1-45 కదలకుండా 1-45 గానే వచ్చింది.

కృపాదానం అందరికీ క్షమాపణ పంపాడు: "మీకు తేదీగా వచ్చినది మీ డోర్ నెంబరు." తర్వాత డాక్టరుగారు నిజంగానే తేదీ ఇచ్చారు. దాన్నీ ముందురోజు కృపాదానమే పంపాడు: "మీ ఆపరేషన్ రేపు, 4-12. ఉదయం ఎనిమిదికల్లా సిద్ధంగా ఉండండి."

డిసెంబరు నాలుగున జాబితా పట్టుకుని షాహిదా ఆసుపత్రి బస్సులో ఊళ్ళోకి వెళ్ళింది. తలుపు తట్టిన ఏ ఇంట్లోనూ పేషెంటు లేరు. చివరికి 4-12 నెంబరు ఇంటి వసారాలో ఇరవై రెండు మందీ వరసగా కూర్చుని కనిపించారు. ఇంటాయన చెన్నకేశవులు ఏమీ అర్థంకాకపోయినా అందరికీ టీ పోస్తున్నాడు.

"అంకెలొస్తే డోర్ నెంబరని మీరేగా చెప్పింది," అంది ఆరోగ్యమ్మ.

ప్రతి శిబిరంలోనూ పొలానికి పోయినవాళ్ళూ భయపడి దాక్కున్నవాళ్ళూ కలిసి నలుగురైదుగురు తగ్గేవారు. ఈసారి ఒక్కరూ తగ్గలేదు. డాక్టరుగారు కృపాదానాన్ని అందరి ముందూ మెచ్చుకున్నారు. మర్నాడు కట్టు విప్పాక ఆరోగ్యమ్మ షాహిదాను తేరిపార చూసి, "నువ్వేనా అమ్మా, ఇంత చిన్నపిల్లవా," అంది.

అప్పటినుంచీ ఆ ఆసుపత్రి మెసేజ్‌లలో అందరూ చేరాల్సిన ఇంటి డోర్ నెంబరే పంపుతున్నారు. తేదీ ఫోన్ చేసి చెబుతున్నారు.