ఖాదీ టోపీ వయసెంత?

శిలాజాల శాస్త్రమంత దయగలది లోకంలో మరొకటి లేదు, పాఠకులారా! ఒక జీవజాతి రెండుగా ఎప్పుడు చీలిందని అడగండి. "ఫలానా కాలానికల్లా చీలింది, అంతకు ముందే చీలి ఉండొచ్చు కూడా" అంటుంది. ఆ 'ముందే'లో కోటి ఏళ్లయినా పడతాయి. మీ దర్జీ ఇంత వెసులుబాటు ఇస్తాడా?

పోలీసు చర్య జరిగిన ఏటి చలికాలంలో ఈ శాస్త్రం నల్లగొండ పల్లె ఒకదానికి వచ్చింది. పట్నం నుంచి వచ్చిన రాళ్ల సారు గుట్ట మీద నత్త శిలాజాలు తవ్వుతుంటే, కూలికి వెళ్లిన ఈదమ్మ గంప మోసేది. "గీతల నత్త, నున్న నత్త ఒక్క తల్లి పిల్లలే. గీతల నత్త దొరికిన అట్టడుగు పొరను బట్టి అవి ఎప్పుడు చీలాయో అంచనా వేస్తాం" అని ఆయన చెబితే శ్రద్ధగా వింది.

వినదా మరి! ఊరి దొర పారిపోయినప్పుడు రైతుకూలీల సంఘం అతని భూమిలోంచి ఆమెకు పంచిన రెండెకరాల్లో జొన్న కోతకొచ్చింది. ఇప్పుడు ఆ దొరే ఖాదీ టోపీ పెట్టుకుని తిరిగొచ్చి తహసీల్దారు ముందు కూర్చున్నాడు. "రజాకార్లకు దావతులిచ్చిన దొర వేరు, నేను వేరు. నా భూమి నాకిప్పియ్యుండ్రి!"

చావడిలో ఈదమ్మ లేచింది.

"గా దొర నుంచి గీ దొర ఎప్పుడు చీలిండో నేను జెప్త. టోపీ జూడుండ్రి సారూ, ఒక్కపారి ఉతకలే, గంజి గూడ దిగలే! గంతకంటె పాత ఆనవాలు ఊర్లెక్కడన్న ఉన్నదా? మొన్ననే చీలిండు!"

జనం గొల్లుమన్నారు. అంతటితో కూర్చుంటే బాగుండేది. ఆమె రాళ్ల సారును సాక్ష్యానికి పిలిచింది.

సారు నిజాయితీపరుడు. "పాత టోపీ దొరకనంత మాత్రాన లేదనలేం. ఆనవాలు చెప్పేది కనీస వయసే. ఈయన ఎంతో ముందే మారి ఉండొచ్చు" అన్నాడు. దొర ముఖం చేటంతైంది. తాను పుట్టకముందు నుంచే దేశభక్తుడినని ఆయనకు అప్పుడే తెలిసింది.

"అయితే మేము గీ భూమి దున్నవట్టి కనీసం ఏడాది" అంది ఈదమ్మ. "మా అవ్వ, ఆమె అవ్వ గీ సాళ్లల్లనే వెట్టి జేసిండ్రు. గది గూడ 'ముందటి సంది' అని రాయుండ్రి."

"దానికి కాగితం కావాలె" అన్నాడు తహసీల్దారు.

చూశారా! దొర దగ్గర ఆనవాలు దొరకకపోతే శాస్త్రం. ఈదమ్మ దగ్గర దొరకకపోతే కబ్జా!

మర్నాడు తహసీల్దారు హుకుంతో దొర మనుషులు చేను పట్టుకోవడానికి వెళ్తే కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేవు. గట్టు మీద ఈదమ్మ కొడవలి తుడుచుకుంటోంది.

"జొన్నలేవే?"

"దొరకనంత మాత్రాన లేవంటరా అయ్యా? ఏడనో ఉండే ఉంటయి!"