కరకరలాడే స్ట్రాబెరీ సలాడ్, నలభై మందికి

జూన్ మూడో శనివారం ఉదయం ఆరున్నరకే రఘు వంటగదిలో చేరి, నాలుగు పెట్టెల స్ట్రాబెరీలు ముందేసుకుని తొడిమలు తీస్తున్నాడు. ఆ రోజు అతను వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకల్లా సలాడ్ సరుకంతా సిద్ధం చేయాలి. పన్నెండింటికి దమయంతి గారింటికి చేరాలి. నలభై మంది తన సలాడ్ తింటూ ఉంటే ఒక పక్కన నిలబడి చూడాలి. ఈ మూడో పని కోసం అతను ఆరేళ్లుగా ఎదురు చూస్తున్నాడు.

అమెరికాలోని శాన్ రామన్‌లో రఘు వాళ్లకు తెలిసిన తెలుగు కుటుంబాలు ఏడాదికి రెండు మూడుసార్లు పాట్‌లక్ పెట్టుకుంటాయి. దానికి పెద్ద దిక్కు దమయంతి గారు. ఎవరు ఏం వండి తేవాలో ఆవిడే ఒక షీట్‌లో రాసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఆ షీట్‌కు తిరుగు లేదు. ఆరేళ్ల కిందట రఘు అందులో పులిహోర అడిగి మరీ తీసుకున్నాడు. చింతపండు నానబెట్టే పని లేదు, సీసాలో దొరికే చిక్కటి పేస్టు చాలని ఎవరో చెబితే, ఎన్ని చెంచాలో అడగకుండా సీసా మొత్తం వంచేశాడు. ఆ పులిహోర మొదటి ముద్ద తిన్న ఒక పెద్దాయన ఒక కన్ను మూసుకుని చాలాసేపటిదాకా తెరవలేదు. తర్వాతి షీట్ నుంచి వరసగా "రఘు, గీతాంజలి: పేపర్ ప్లేట్లు, ఐస్" అనే పడుతోంది. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ బాధగా ఉండేది.

అతని భార్య గీతాంజలికి మాత్రం అందులో బాధ పడాల్సింది ఏమీ కనబడలేదు. ఆవిడ కాఫీ కప్పుతో వచ్చి, స్ట్రాబెరీల గుట్ట కేసి దిగులుగా చూసింది.

"ఆరేళ్లు పాట్‌లక్ రోజున తొమ్మిదింటిదాకా హాయిగా పడుకున్నాం. ఎవరి పుణ్యం? ఆ ప్లేట్ల పుణ్యం. చేజేతులా పోగొట్టావు కదా."

"ఎన్నాళ్లని ప్లేట్లు మోస్తాం గీతా? మొన్న ఇండియన్ స్టోర్‌లో ఒకాయన వాళ్లావిడకి నన్ను ఎలా ఇంట్రడ్యూస్ చేశాడో తెలుసా? 'ప్లేట్స్ రఘు గారు' అని."

"పులిహోర రఘు అనలేదు, సంతోషించు."

ఈసారి అతను దమయంతి గారికి తనే ఫోన్ చేసి, పది నిమిషాలు అటూ ఇటూ మాట్లాడి, చివరికి విషయానికి వచ్చాడు. ఆవిడ షీట్‌ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసుకుని, "సలాడ్ రాస్తాను లెండి. అదైతే ఎవరు చేసినా చెడదు," అన్నారు. మర్యాద కొంచెం తక్కువైనా వరం వరమే. ప్లేట్ల పని మానవ్‌కి వెళ్లింది. మానవ్ టెక్సస్‌లోని ప్లేనో నుంచి ఈ మధ్యే బదిలీ మీద వచ్చిన ఒంటరివాడు. గ్యాస్ పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో కూడా అతనికి తెలియదని గ్రూపులో అందరికీ తెలుసు.

రఘు ఆఫీసులో చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కాబట్టి సలాడ్‌ను కూడా ముందు వారమే రెండుసార్లు టెస్ట్ చేశాడు. తరిగిన క్యాబేజీ, లేత పాలకూర, స్ట్రాబెరీలు. వాటి మీద తేనె, వెనిగర్, ఆలివ్ నూనె, గసగసాలు కలిపిన డ్రెస్సింగ్. అన్నిటికన్నా ముఖ్యమైనది కరకర: నూడుల్స్‌ను పచ్చిగానే విరిచి, బాదం పలుకులతో, నువ్వులతో కలిపి వెన్నలో ఎర్రగా వేయించాలి. ఇవన్నీ కలిపాక ఆ కరకర సరిగ్గా ఇరవై నిమిషాలు బతుకుతుందని అతను ఫోన్‌లో టైమర్ పెట్టి మరీ తేల్చుకున్నాడు. ఆ తర్వాత అది తడిసిన అట్టముక్కే. మన పాట్‌లక్‌లో పన్నెండంటే ఒకటిన్నరో, రెండో ఎవరూ చెప్పలేరు. అందుకని దేనికది విడిగా పట్టుకెళ్లి, అందరూ చేతిలో ప్లేట్లు పట్టుకున్నాక కలపాలని నిశ్చయించాడు.

"డబ్బాల మీద ఏంటో రాసిపెట్టు," అంది గీతాంజలి.

"రాస్తే రుచి చూద్దామని మూత తీస్తారు. ఏంటో తెలియకపోతే ఎవరూ ముట్టుకోరు," అన్నాడు రఘు. మన వాళ్ల మధ్యే నలభై ఏళ్లు బతికిన మనిషి ఆ మాట ఎలా అన్నాడో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాదు.

సరిగ్గా పన్నెండింటికి వాళ్లు చేరేసరికి దమయంతి గారు ఇంకా తల దువ్వుకుంటున్నారు. రఘు తన సరుకును జాగ్రత్తగా సర్దాడు. కరకర ఉన్న స్టీలు డబ్బాకు చల్లదనం తగలకూడదని హాల్లో బల్ల మీద పెట్టాడు. కడిగి తుడిచిన పాలకూర, క్యాబేజీ ఉన్న పెద్ద చిల్లుల గిన్నె వంటగది గట్టు మీద, స్ట్రాబెరీలు ఫ్రిజ్‌లో, డ్రెస్సింగ్ సీసా తన సంచిలో. పెద్ద గాజు గిన్నెను ఖాళీగానే పెరట్లో భోజనాల బల్ల మధ్యలో పెట్టాడు. దాని చోటు దానికి ముందే ఖాయం చేయడం మంచిదని అతని ఉద్దేశం.

ఒంటిగంట దాటేసరికి నలభై మందీ వచ్చారు. బిర్యానీ వచ్చింది, గుత్తి వంకాయ వచ్చింది, పెరుగన్నం వచ్చింది. ప్లేట్లు రాలేదు. మానవ్ ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

"ఇన్నేళ్లలో ప్లేట్లు లేటవడం ఇదే ఫస్ట్ టైమ్," అన్నారు దమయంతి గారు, రఘు వైపు అదోలా చూస్తూ. ఆవిడ ఇంట్లో పన్నెండు పింగాణీ ప్లేట్లున్నాయి గానీ అవి అద్దాల బీరువా దాటి ఎన్నడూ బయటికి రాలేదు. "నేనే స్టోర్‌కి వెళ్లి తెచ్చేస్తా. ఈలోపు రఘు గారూ, మీకు అలవాటే కదా, ఆ ఐస్ సంగతి చూడండి. పెరట్లో వేసిన టెంట్ కూడా ఒక పక్కకి ఒరిగింది."

ఆవిడ కారు వెళ్లింది. రఘు గరాజ్‌లోని ఫ్రీజర్ నుంచి ఉన్న ఐస్ మోశాడు. టెంట్ ఒక కాలు సరిచేస్తే ఇంకో కాలు ఒరిగింది. అలా అరగంట గడిచింది. చెయ్యి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి, దమయంతి గారి నాన్నగారు అంజయ్య గారు, కరీంనగర్ నుంచి వేసవికి వచ్చిన పెద్దాయన, ఫ్లాస్కులోని చాయ్ అందరికీ పోస్తున్నారు. ఆయన చుట్టూ పదిహేను మంది కూర్చుని దోసిళ్లలో ఏదో తింటున్నారు. హాలంతా కరకరమంటోంది.

ఆ చప్పుడు రఘు గుర్తు పట్టాడు. రెండుసార్లు టెస్ట్ చేసిన చప్పుడది. 

"రా బిడ్డా, కూసో," అన్నారు అంజయ్య గారు ఆప్యాయంగా, ఖాళీ స్టీలు డబ్బా అడుగు తట్టి నాలుగు పలుకులు అతని చేతిలో పోస్తూ. "ఎవరు తెచ్చిన్రో గని మిక్చర్ మస్తుగున్నది. ఉప్పు, కారం మరిచిపోయినట్టున్నరు. నేనే ఉల్లిగడ్డ కోసి, నిమ్మకాయ పిండిన."

"అది మిక్చర్ కాదండీ. సలాడ్‌లోకి."

"సలాడ్ల ఇది ఎందుకు ఏస్తరు?" అని ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. విషయం విన్నాక చాలా నొచ్చుకున్నారు. వెంటనే లోపలికి వెళ్లి సూట్‌కేసులోంచి సకినాల పొట్లం తెచ్చి రఘు చేతిలో పెట్టారు. "మా ఇంట్ల చేసినయి. నీ దానికన్న ఎక్కువ కరకరంటయి. ఏసుకో."

రఘుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అయినా బియ్యప్పిండి, నువ్వులే కదా అని సమాధానపడి, సకినాలు చితక్కొట్టడానికి వంటగదిలోకి వెళ్లాడు. అక్కడ ఛాయాదేవి గారు పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతున్నారు. ఆవిడ పప్పు వండితే రెండో వీధిదాకా వాసన వెళుతుందని పేరు. గట్టు మీద చిల్లుల గిన్నె బోర్లించి ఉంది.

"ఆంటీ, ఇక్కడ పాలకూర ఉండాలి."

"ఉందిగా, ఇదిగో," అంటూ ఆవిడ కుతకుతా ఉడుకుతున్న గిన్నె మూత తీసి చూపించారు. "ప్లేట్లు ఎలాగూ రాలేదు, ఖాళీగా ఉన్నాను. పాపం ఎవరో కడిగి పెట్టి, పప్పులో వెయ్యడం మర్చిపోయారు. పచ్చి ఆకు ఈ ఎండల్లో అలా బయట పెడితే వాడిపోదూ? క్యాబేజీ కూడా పొడుగ్గా తరిగి పెట్టారు, దాన్ని పెసరపప్పుతో వేయించేశాను."

"అది పచ్చిగా తినేదండీ."

ఛాయాదేవి గారు అతని వైపు జాలిగా చూశారు. "పచ్చి పాలకూరా? ఎందుకు నాయనా, ఒంట్లో ఏమైనా బాలేదా?"

మూడు వంతుల సలాడ్ పోయింది. అయినా రఘు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఫ్రిజ్ తెరిచాడు. స్ట్రాబెరీలు ఎవరూ ముట్టకుండా ఎర్రగా మెరుస్తున్నాయి. పేరులో ఉన్నది స్ట్రాబెరీ, పక్కన ఉన్నది కరకర. రెండూ ఉన్నాయి కాబట్టి ఇది కూడా సలాడే అనుకున్నాడు. పెరట్లో గాజు గిన్నెలో పళ్లన్నీ వంచి, డ్రెస్సింగ్ పోసి, సకినాల ముక్కలు చల్లి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. చూడ్డానికి బాగానే ఉంది. మనసు కాస్త కుదుటపడింది. ఇరవై నిమిషాలకు టైమర్ నొక్కబోతూ ఉండగా ఫోన్ మోగింది. మానవ్.

"రఘు అన్నా, ఎవరైనా బయల్దేరారా?"

"ఎక్కడున్నావయ్యా నువ్వు?"

"పార్క్‌లో అన్నా. షెల్టర్ దగ్గర. పన్నెండుకే వచ్చేశా. ఫోన్ కార్‌లో ఛార్జింగ్ పెట్టి మర్చిపోయా."

పోయినసారి పాట్‌లక్ పార్కులో జరిగింది. దమయంతి గారు పాత షీట్ కాపీ చేసినప్పుడు పైన చిరునామా మార్చడం మరిచిపోయారు. ఈసారి ఆవిడ ఇంట్లోనేనని పాతవాళ్లకు ముందే తెలుసు, ఇల్లూ తెలుసు కాబట్టి ఎవరూ చిరునామా చూడలేదు. చూసింది కొత్తవాడు ఒక్కడే.

"గంటా నలభై నిమిషాలు ఒక్కడివే కూర్చున్నావా? డౌట్ రాలేదా?"

"ఎందుకొస్తుందన్నా? మనోళ్లు ఎప్పుడూ లేటే కదా."

రఘు గేటు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లి, వాకిట్లో నిలబడి, ఏ మలుపు దగ్గర ఎటు తిరగాలో అతనికి వివరంగా చెప్పాడు. పది నిమిషాలు పట్టింది.

ఆకలితో ఉన్న నలభై మందికి పది నిమిషాలు చాలా ఎక్కువ. బిర్యానీని చేత్తో ఎత్తుకుపోలేరు. పప్పును దోసిట్లో పట్టలేరు. ప్లేటు అవసరం లేకుండా తినగలిగేది ఆ పెరడు మొత్తం మీద ఒక్కటే ఉంది. రఘు తిరిగి వచ్చేసరికి గాజు గిన్నె అడుగున కొంచెం గులాబీ రంగు రసం, నాలుగు గసగసాలు మిగిలాయి. పిల్లల మూతులు ఎర్రగా ఉన్నాయి. పెద్దవాళ్లు వేళ్లు నాకుతున్నారు. వాళ్లలో గీతాంజలి కూడా ఉంది.

"నువ్వు కూడానా?"

"పొద్దున్నుంచి కాఫీ తప్ప ఏమీ లేదు నాకు," అంది గీతాంజలి, కొంచెం సిగ్గుపడుతూనే.

సరిగ్గా అప్పుడే దమయంతి గారు ప్లేట్ల కట్టలతో వచ్చారు. ఆవిడ వెనకాలే మానవ్ కూడా ప్లేట్లతో దిగాడు. ఆవిడ బల్ల పొడుగునా చూసుకుంటూ వచ్చారు. నిండు బిర్యానీ, నిండు వంకాయ, నిండు పెరుగన్నం. మధ్యలో గాజు గిన్నె, అడుగంటా ఖాళీ. ఆవిడ ఆగిపోయారు.

"ఇది సలాడ్ గిన్నేనా? నేను వచ్చేలోపే అయిపోయిందా?" అని, వెనక్కి తిరిగి అందరూ వినేలా అన్నారు: "ఏమండీ, చూశారా! పదకొండేళ్లుగా పాట్‌లక్ చేస్తున్నాం, మనవాళ్లు సలాడ్ ముట్టుకోగా నేను చూడలేదు. ప్లేట్లు వచ్చేదాకా కూడా ఆగలేదంటే ఎలా చేశారో మరి!"

నలభై మందీ చప్పట్లు కొట్టారు. ఆరేళ్లుగా రఘు ఊహించుకున్న క్షణం అదే. అతనికి సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. అబద్ధాన్ని అలా మెడలో వేసుకుని నిలబడడం అతని వల్ల కాలేదు.

"చెప్పెయ్. నిజం చెప్పెయ్," అని గీతాంజలి చెవిలో పోరింది. నిజం బయటపడితే ప్లేట్లు తిరిగి వస్తాయని ఆవిడ ఆశ.

"దమయంతి గారూ, అది సలాడ్ కాదండీ. కరకర అంజయ్య గారు చాయ్‌తో తినేశారు, ఆకులు పప్పులోకి వెళ్లిపోయాయి. గిన్నెలో ఉన్నవి వట్టి స్ట్రాబెరీలు, మీ సకినాలు."

దమయంతి గారు ముచ్చటగా నవ్వారు. "అంత మోడెస్టీ పనికిరాదు రఘు గారూ. మా నాన్నగారి సకినాల పేరు చెబుతున్నారు చూడండి. పెద్దవాళ్లంటే ఎంత గౌరవమో!"

ఆ పూట పాలకూర పప్పును అందరూ రెండోసారి వడ్డించుకున్నారు. ఆకు లేతగా భలే ఉందని ఛాయాదేవి గారిని పొగిడారు. క్యాబేజీ వేపుడు పొగడ్తలు కూడా ఆవిడకే చేరాయి. మిక్చర్ ఏ స్టోర్‌లో దొరుకుతుందని ముగ్గురు అంజయ్య గారిని అడిగారు. మొత్తానికి రఘు సలాడ్ ఒక్క ఆకు, ఒక్క పలుకు మిగలకుండా చెల్లిపోయింది. దాన్ని సలాడ్‌గా తిన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"రుచి చూసి తినలేదు, ప్లేటు అక్కర్లేదని తిన్నారు. గుర్తు పెట్టుకో," అంది గీతాంజలి, ఇంటికి వెళ్లే దారిలో. రఘు కాదనలేదు. ఒళ్లో ఉన్న ఖాళీ గాజు గిన్నెను మాత్రం వదల్లేదు.

రెండు వారాల తర్వాత, సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే పాట్‌లక్ షీట్ గ్రూపులోకి వచ్చింది. ఈసారి వేరే గ్రూపు వాళ్లు కూడా కలుస్తున్నారు. "రఘు, గీతాంజలి: కరకరలాడే స్ట్రాబెరీ సలాడ్, ఎనభై మందికి." రఘు ఆ వరసను మూడుసార్లు పైకి చదివాడు. గీతాంజలి తలపట్టుకుంది. అతను ఇంకొంచెం కిందికి జరిపి చివరి వరస చూశాడు. "మానవ్: పేపర్ ప్లేట్లు, ఐస్." అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

"ఎక్కడికి? స్ట్రాబెరీలకి ఇంకా రెండు నెలల టైముంది కదా," అంది గీతాంజలి.

ఎనభై మంది సలాడ్ కోసం రఘు కొన్న మొదటి సరుకు, రెండు వందల పేపర్ ప్లేట్లు.