బొటనవేలికి హెల్మెట్

నాచారం పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న విద్యాలోక ఇంజనీరింగ్ కళాశాల వర్క్‌షాప్‌లో, స్థాపించిన నాటి నుంచి నేటి వరకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. నమ్మనివారు స్వయంగా వెళ్లి చూసుకోవచ్చు. గేటు పక్కనే పచ్చ బోర్డు ఉంటుంది. ప్రమాదం లేకుండా గడిచిన రోజుల సంఖ్య దాని మీద రోజుకొకటి చొప్పున పెరుగుతుంది. ఆదివారాలు, పండుగ సెలవులు, కరోనా కాలంలో కళాశాల మూతబడ్డ నెలలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. ఆ రోజుల్లో కూడా ప్రమాదం జరగలేదన్నది ఎవరూ కాదనలేని నిజం.

ఇంత ఘనత ఊరికే రాలేదు. కళ్లకు పెట్టుకునే రక్షణ అద్దాలు గీతలు పడతాయని వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. మందుల పెట్టెకు కూడా తాళం ఉంది. దాని తాళంచెవి ప్రిన్సిపాల్ చిదంబరం గారి జేబులో ఉంటుంది, ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. మంటలార్పే సిలిండరుకు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లేత్ మిషన్‌కు దసరా నాడు బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, హారతి ఇచ్చి మళ్లీ దసరా దాకా దుప్పటి కప్పుతారు. యంత్రం తిరిగితే కదా ప్రమాదం! తిరగనివ్వకపోవడమే మొదటి భద్రతా సూత్రమని వర్క్‌షాప్ ఇన్‌చార్జి సుధీంద్ర గారు మొదటి క్లాసులోనే విద్యార్థుల చేత రాయించారు. అందరూ దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నారు.

ఆ క్లాసులో ముందు బెంచీలో కూర్చున్న పిల్లవాడు బ్లెస్సన్. మల్లాపూర్‌లో వెల్డింగ్ షాపుల ముందు నిలబడి నిప్పురవ్వలు చూస్తూ పెరిగినవాడు కాబట్టి, ఇంజనీరింగ్ అంటే ఏదో ఒకటి చేత్తో చేయడమేనన్న అమాయకత్వం అతనికి ఇంకా పోలేదు. తల్లి రాహేలు నాచారంలోనే ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. తండ్రి పీటర్ ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బైకు మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటికి బ్లెస్సన్ ఐదో తరగతి. కాలేజీలో సీటు వచ్చిన ఆదివారం రాహేలు కొడుకును చర్చికి తీసుకెళ్లి, బైబిలు మీద చెయ్యి పెట్టించి, బండి ముట్టనని మాట తీసుకుంది. ఆ మాట ఒక్కటి చాలు ఆమెకు. మార్కుల గురించి ఆమె ఏమీ అడగలేదు.

వర్క్‌షాప్‌లోకి ఖాకీ ఆప్రాన్ లేనిదే ప్రవేశం లేదు. ఈ విషయంలో మాత్రం కళాశాల చాలా కఠినంగా ఉంటుంది. బయట కొంటే గుడ్డ మంచిది రాదని రాహేలే ఆప్రాన్ కుట్టింది. నాలుగేళ్లు ఎదుగుతాడు కదా అని కాస్త వదులుగా, మోకాళ్ల కిందికి వచ్చేలా కుట్టింది. దాన్ని చూసి సుధీంద్ర గారు మెచ్చుకొని, భద్రత అంటే ఇలా ఉండాలని క్లాసంతటికీ చూపించారు.

ఇక ఫిట్టింగ్ జాబ్ సంగతి. రెండు ఇనుప ముక్కలను ఆకురాయితో రాకి, ఒకదానిలో ఒకటి సందు లేకుండా కూర్చునేలా చేయడం మొదటి సంవత్సరం విద్యార్థి ధర్మం. అయితే విద్యాలోకలో కొత్త ఇనుమును వృథా చేసే అలవాటు లేదు. ఎప్పుడో ఎవరో చక్కగా రాకి ఇచ్చిన ముక్కలే ఏటా సీనియర్ల నుంచి జూనియర్లకు ఆశీర్వాదంలా అందుతాయి. పాత రోల్ నంబరు చెరిపి కొత్త నంబరు కొట్టుకుంటే చాలు, జాబ్ పూర్తయినట్టే. ఆ నంబరు చెరపడం కోసమే మూలనున్న గ్రైండర్‌ను తిప్పడానికి మౌన అనుమతి ఉంది. ప్రతి ఏడూ సానకు అరిగి అరిగి కొన్ని ముక్కలు బిస్కట్ల కంటే పలచబడ్డాయి. అయినా మార్కులు తగ్గలేదు.

గ్రైండర్ చక్రం మీద ఉండాల్సిన ఇనుప మూతను బ్రోచర్ ఫోటో కోసం తీసేశారు. మూత ఉంటే యంత్రం ముఖం కనిపించడం లేదట. ఫోటో బాగా వచ్చింది. మూత స్టోర్‌లో భద్రంగా ఉంది.

బ్లెస్సన్ వంతు వచ్చిన రోజున అతని చేతికి చిక్కిన ముక్క మరీ పలచనిది. చక్రానికి ఆనించగానే వేడెక్కి వేళ్లు చురుక్కుమన్నాయి. అందరూ చేసేట్టే ఆప్రాన్ కొంగు మడిచి దానితో ముక్కను పట్టుకున్నాడు. చక్రం ఆ వదులు గుడ్డను అందుకొని లోపలికి గుంజింది. గుడ్డతోపాటు చెయ్యి వెళ్లింది. ఎవరో స్విచ్ తీసేసరికి కుడిచేతి బొటనవేలి పై కణుపు లేదు.

సుధీంద్ర గారు పరుగున వచ్చారు. ముందు పిల్లవాడి చెయ్యి చూశారు, ఆ తర్వాత కిటికీలోంచి గేటు పక్కనున్న పచ్చ బోర్డు వైపు చూశారు. అది రేపటి నుంచి సున్నా కావాలి. వచ్చే వారమే "సురక్షిత ప్రాంగణం" పురస్కారం కోసం తనిఖీ బృందం వస్తోంది. మందుల పెట్టె తాళంచెవి ప్రిన్సిపాల్ గారితోపాటు తార్నాకలో ఒక సమావేశంలో ఉంది. తల్లి కుట్టిన ఆప్రాన్‌నే చేతికి చుట్టి ఆటోలో ఎక్కించారు.

ఆటో నాచారం దాటేలోగా సుధీంద్ర గారు పరిస్థితిని సమగ్రంగా వివరించారు. గ్రైండర్ తిప్పడం నిబంధనలకు విరుద్ధం కనుక తప్పు విద్యార్థిదే అవుతుంది. విచారణ అంటూ మొదలైతే పాత ముక్కల సంగతి బయటపడి బ్యాచ్ మొత్తం ఫెయిలవుతుంది. అదే గేటు బయట జరిగిందనుకుంటే ఎవరికీ నష్టం లేదు. నొప్పికి పళ్లు బిగపట్టుకున్న బ్లెస్సన్ తల ఊపాడు. ఆ ఊపు ఆటో కుదుపు వల్ల వచ్చిందో, అంగీకారం వల్ల వచ్చిందో సుధీంద్ర గారు తరచి చూడలేదు. దవాఖానాలో ఎలా జరిగిందని అడిగితే, బండి మీంచి పడ్డాడని ఆయనే చెప్పారు.

బ్లెస్సన్ ఆ మాట విని ఉలిక్కిపడ్డాడు. గేటు బయట అంటే ఏ తలుపు సందో, ఏ రాయో అనుకున్నాడు గాని బండి అవుతుందని అనుకోలేదు.

రాహేలు ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చేసరికి కట్టు కట్టడం అయిపోయింది. నర్సు చెప్పిందంతా వింది. వేలు ఎంత పోయిందని అడగలేదు.

"ఎవల బండి?" అంది.

బ్లెస్సన్ నోరు తెరిచేలోగా పక్కనే ఉన్న సుధీంద్ర గారు, ఎవరో ఫ్రెండుదని సానుభూతితో చెప్పారు. ఆ రోజు నుంచి రాహేలు కొడుకుతో మాట్లాడడం మానేసింది. కుడిచేతికి కట్టుంది కాబట్టి పూటపూటకూ అన్నం కలిపి ముద్దలు మాత్రం నోట్లో పెట్టేది. ముద్దకూ ముద్దకూ మధ్య ఒక్క మాట ఉండేది కాదు. బండెక్కలేదమ్మా అని బ్లెస్సన్ చెప్పబోతే మరో ముద్ద పెట్టేది. ఆదివారం చర్చిలో, మాట తప్పి వేగానికి లోబడిన యౌవనుల కోసం ప్రత్యేక ప్రార్థన చేశారు. సంఘమంతా వెనక్కి తిరిగి ఆ కట్టు వైపు చూసింది.

తనిఖీ బృందం వచ్చి, దుప్పటి కప్పిన యంత్రాలను, కవరు తీయని సిలిండరును చూసి ముచ్చటపడి వెళ్లింది. పురస్కారం ఖాయమైంది. అది అందుకునే సందర్భంలోనే, విద్యార్థులను రోడ్డు ప్రమాదాల నుంచి కాపాడాలన్న సదుద్దేశంతో కళాశాల హెల్మెట్ అవగాహన సదస్సు కూడా ఏర్పాటు చేసింది. ఆదర్శ బాధితుడిగా బ్లెస్సన్‌ను వేదిక మీదికి పిలిచారు. రాహేలును మొదటి వరసలో కూర్చోబెట్టారు. చిదంబరం గారు ఆ రోజు గొప్పగా ప్రసంగించారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"విద్యార్థులారా! మన వర్క్‌షాప్‌లో అడుగుపెట్టిన బిడ్డ తల్లి ఒడిలో ఉన్నంత క్షేమంగా ఉంటాడు. గేటు దాటి రోడ్డెక్కిన మరుక్షణమే అపాయం పొంచి ఉంటుంది. ఆ ఉప్పల్ రోడ్డే ఈ బాలుడి తండ్రిని పొట్టన పెట్టుకుంది. తండ్రి చేసిన తప్పునే కొడుకూ చేశాడు. ఈనాడు నేను ఆ తండ్రి స్థానంలో నిలబడి ఇతనికి ఈ శిరస్త్రాణాన్ని బహూకరిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. రాహేలు కొంగుతో ముఖం కప్పుకుంది. బ్లెస్సన్ ఎడమ చేత్తో హెల్మెట్ అందుకొని తల్లి వైపు చూశాడు. అనుభవం చెప్పమని మైకు అతని ముందుకు జరిపారు.

"నేను బండెక్కలే సార్. మా నాయిన కూడా ఏం తప్పు చెయ్యలే, లారీ గుద్దింది. నా వేలు గ్రైండర్ల వడ్డది. పాత నంబర్ చెరుపుతుంటే ఆప్రాన్ గుంజుకుంది."

చిదంబరం గారు ఏమాత్రం తొణకలేదు. పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, మైకు నెమ్మదిగా తన వైపు తిప్పుకున్నారు.

"చూశారా! దెబ్బ వేలికే తగిలిందని ఇన్నాళ్లూ అనుకున్నాం. హెల్మెట్ లేకపోవడం వల్ల తలకు కూడా తగిలింది."

ఈసారి చప్పట్లు ముందుకంటే ఎక్కువ మోగాయి. కొందరు లేచి నిలబడి కొట్టారు. పాత ముక్కలతో పాసవ్వాల్సిన బ్యాచ్ మొత్తం అందులో ఉంది.

తిరుగు దారిలో బస్సులో రాహేలు కొడుకుతో మాట్లాడింది. ఇన్నాళ్ల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"తలకు దెబ్బ దాకిందని నాకెందుకు జెప్పలే బిడ్డా?"

మర్నాడే తీసుకెళ్లి తల స్కానింగ్ చేయించింది. తలలో ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పాడు. అయితే మరి వేదిక మీద కొడుకు అలా ఎందుకన్నాడో అతన్నే అడగాలని ఆమెకు తోచలేదు. అంత పెద్ద సార్లు, అంతమంది ముందు అబద్ధం చెప్తారన్న ఆలోచన ఆ ఇంటి గడపలోకి ఎప్పుడూ రాలేదు. బ్లెస్సన్ ఇక చెప్పడం మానుకున్నాడు. తల్లి మళ్లీ మాట్లాడుతోంది, అది చాలనుకున్నాడు. చాలలేదు. రోజూ పడుకునే ముందు ఆమె బైబిలు వైపు ఒకసారి, తన వైపు ఒకసారి చూసే చూపు అతనికి వేలి నొప్పి కంటే ఎక్కువగా బాధించేది.

బ్లెస్సన్ జాబ్ అసంపూర్తిగా ఉందని, మళ్లీ చేయాలని సుధీంద్ర గారు గుర్తుచేశారు. మరో పలచని ముక్క దొరికింది. బ్లెస్సన్ అడిగి తెచ్చుకున్న ఆప్రాన్ కొంగును నడుముకు బిగించి దోపుకున్నాడు, ముక్కను పట్టకారుతో పట్టుకున్నాడు, బహుమతిగా వచ్చిన హెల్మెట్ తలకు పెట్టుకొని ముందు అద్దం దించుకున్నాడు. రవ్వలన్నీ అద్దానికి తగిలి రాలిపోయాయి. అది చూసి మిగతావాళ్లు కూడా తమ తమ హెల్మెట్లు తెచ్చుకున్నారు. హెల్మెట్లు పెట్టుకొని గ్రైండర్ ముందు వరసగా నిలబడ్డ ఆ పిల్లలను చూసి, పెట్రోలు బంకు ఇక్కడికి మారిందా అని అటెండరు రాజయ్య అడిగాడట. ఏమైనా, విద్యాలోక వర్క్‌షాప్‌లో ఒక రక్షణ సాధనం వాడకంలోకి రావడం అదే మొదటిసారి.

ఒక సాయంత్రం రాహేలు ఇల్లు సర్దుతూ ఆ హెల్మెట్ చేతిలోకి తీసుకుంది. అద్దం మీద సన్నసన్నని కాలిన మచ్చలు ఉన్నాయి. వేలితో తుడిస్తే నల్లటి ఇనుప పొడి అంటింది. చాలాసేపు చూసింది.

"రోడ్డు మీద నిప్పురవ్వలు లేస్తయా బిడ్డా?"

ఆమె లేచి, దవాఖానా వాళ్లు సంచిలో పెట్టి ఇచ్చిన ఆప్రాన్‌ను మొదటిసారి బయటికి తీసింది. కొంగు మెలిపడి, పీలికలై, కుట్ల మధ్య అదే నల్లటి పొడి పట్టి ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకొని నేల మీద కూలబడింది.

"నేనే గద వదులుగ కుట్టిన," అని ఏడ్చింది. కొడుకు కట్టు విప్పిన చేతిని తన ముఖానికి ఆనించుకొని, నువ్వు మాట తప్పలేదు, నేనే నిన్ను నమ్మలేదని పదే పదే అంది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి, ఆప్రాన్ ఒక చేత్తో, హెల్మెట్ ఒక చేత్తో పట్టుకొని ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. చిదంబరం గారు కుర్చీ చూపించి, టీ తెప్పించి, చెప్పిందంతా ఓపికగా విన్నారు. చక్రానికి మూత పెట్టించండని, అద్దాల బీరువా తాళం తీయించండని ఆమె అడిగింది. నా కొడుకు అబద్ధమాడలేదని చర్చిలో చెప్పుకోవడానికి ఒక్క మాట రాసివ్వమని కూడా అడిగింది. తల్లిదండ్రుల సూచనలే తమకు దారిదీపాలని, తక్షణమే చర్య తీసుకుంటామని ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

మాట నిలబెట్టుకున్నారు. మరుసటి ఉదయమే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఈ సందేశం వచ్చింది:

"వర్క్‌షాప్‌లో హెల్మెట్ ధరించడం నేటి నుంచి నిషేధం. ఇది అక్కడ ప్రమాదం ఉందన్న అపోహకు తావిస్తోంది. అలాగే, కొందరు తల్లులు ఆప్రాన్లు వదులుగా కుట్టడం వల్ల విద్యార్థులకు ఇబ్బంది కలుగుతున్నట్టు మా దృష్టికి వచ్చింది. ఇకపై ఆప్రాన్ కొలతల బాధ్యత తల్లిదండ్రులదే. మీ పిల్లల భద్రతే మా ఊపిరి."

బోర్డు మీద అంకె ఆ రోజు కూడా ఒకటి పెరిగింది. కాసేపట్లో సందేశం కింద తల్లిదండ్రుల ఆమోదం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు బొటనవేలు ఎత్తి చూపించారు. కొందరు చేతులు కూడా జోడించారు. రాహేలు కుట్టుమిషన్ ఆపి, ఫోను పట్టుకొని, ఆ పసుపుపచ్చ వేళ్ల వరసను చివరిదాకా చూసింది. అన్నీ నిండు వేళ్లే, ఒక్కదానికీ పై కణుపు తక్కువ లేదు.

ఈ వృత్తాంతం నచ్చిన పాఠకులు కూడా తమ సంతోషాన్ని అదే విధంగా తెలియజేయవచ్చు.