రొట్టె ఉన్న చోట చిల్లు

పాత రాతకు చిల్లు లేకపోతే పండితుడి ముఖం ఎవరు చూస్తారండీ? చిల్లే వరం!

ఈజిప్టులోని మిన్యాలో నేను పనిచేసే మ్యూజియంలో ఒక పపైరస్ ముక్క, అంటే పాతకాలపు రెల్లు కాగితం ముక్క, ఉంది. అరచేతిలో సగం. గ్రీకులో సువార్త, పదిహేడు వందల ఏళ్ళ నాటిది. ఏడు పంక్తుల్లో నాలుగోది లేదు, అక్కడ చిల్లు; పురుగు తినేసిందనుకున్నాం. ఆ పురుగుకు రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

మా వృత్తిలో పోయిన మాటను ఊహించి బ్రాకెట్లలో రాస్తాం. బయట ఉన్నది దేవుడిది, లోపలిది మాది. చిల్లుకు ముందు 'భూమి మీద కూడా', తరవాత 'ఈ రోజు మాకు ఇవ్వు' అని స్పష్టంగా ఉంది. మధ్యలో నేను 'రహస్య జ్ఞానం' అని పూరించాను. దాని మీద నాలుగు వందల పేజీల పుస్తకం! మూడు దేశాల్లో ఉపన్యాసాలు! శాలువా ఒకటే తక్కువ.

మొదట్లోనే మా అమ్మ దెమియానా, ఉపవాసపు చిక్కుడు గింజల పళ్ళెం నా బల్ల మీద పెడుతూ అడిగింది.

"ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముందిరా విస్సా? రొట్టె! తినేముందు రోజూ చెప్పుకునే ప్రభువు ప్రార్థనే కదా, 'మా రొట్టె ఈ రోజు మాకు ఇవ్వు' అని!"

"అమ్మా, ఇది పరిశోధన. నీకు తెలీదు."

"సరే నాయనా, చల్లారకముందే తిను."

నాకు తెలియక కాదు సుమండీ! రొట్టె అని రాస్తే ఉపన్యాసానికి ఎవరు పిలుస్తారు?

ఇరవై రెండేళ్ళు గడిచాయి. మూడు వారాల క్రితం పక్క పెట్టెలో గోరంత ముక్క దొరికింది. చిల్లులో అంచుకు అంచు అతికింది. దాని మీదున్న మాట, రొట్టె! ఎవరూ చూడలేదు. దాన్ని సొరుగు అడుగున దాచి, పైన నా పుస్తకం పెట్టాను. బరువైన పుస్తకం, అందుకైనా పనికొచ్చింది.

మొన్న ఆదివారం భోజనానికి కూర్చున్నాం. అమ్మకిప్పుడు ఎనభై నాలుగు. ప్రార్థన నన్ను చెప్పమంది. చెప్పుకుంటూ పోయి ఆ మాట దగ్గర ఆగిపోయాను. సిగ్గేసింది.

"మా రొట్టె," అంది అమ్మ కళ్ళు తెరవకుండానే. బ్రాకెట్లు లేవు.

సోమవారం పొద్దున్నే ముక్కను తీసుకెళ్ళి డైరెక్టరు బల్ల మీద పెట్టాను. ఇక నన్నెవరూ పిలవరు.

అయినా చిల్లు వరమేనండీ! రొట్టె పోయిన చోటే కదా, ఇరవై రెండేళ్ళు నా రొట్టె సంపాదించుకున్నాను.