‘పచ్చ’కు మా శిబిరం ఖరారు చేసిన అర్థాలు

సకల జనుల సమ్మె పదకొండో రోజున, జఫర్‌గఢ్ బస్టాండు ఎదుటి రిలే నిరాహార దీక్షా శిబిరం ‘పచ్చ’ అనే మాటకు అర్థం ఖరారు చేయడానికి అత్యవసరంగా సమావేశమైంది. బడులన్నీ మూతపడిన సమయంలో మా ఊరికి భాష మీద అంత శ్రద్ధ పుట్టడం గర్వించదగ్గ విషయం.

కారణం ఒక మెసేజి. శిబిరం కన్వీనరు యుగేందర్ సారు, సమ్మెలో ఉన్న తెలుగు పంతులు, దాన్ని లేచి నిలబడి చదివాడు. జనగామ నుంచి పెద్ద నాయకుడు పంపాడు: “రేపు రైల్‌రోకో. అందరు తెచ్చుకోవాల్సింది పచ్చ.” అంతే. వివరం అడుగుదామంటే నాయకుడిని అప్పటికే పోలీసులు ముందుజాగ్రత్తగా జీపెక్కించారు. ఆదేశించినవాడు అందుబాటులో లేనప్పుడు ఆదేశానికి బలం పెరుగుతుందని మీకు వేరే చెప్పాలా?

మహిళా విభాగం శోభారాణి లేచింది. “పచ్చ అంటే పచ్చచీర. గంతే,” అంది. ఆమె పెట్టెలో ఉన్నది పసుపుపచ్చ చీర. ఆకుపచ్చే పచ్చ అని కొందరు, పసుపుపచ్చా పచ్చేనని కొందరు మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. నిరాహార దీక్ష కనుక భోజన విరామం అడ్డు రాలేదు.

అప్పుడు భద్రమ్మ అవ్వ ముంజేయి చాపింది. దాని మీద తేలు బొమ్మ పచ్చబొట్టు. “నా పెండ్లి కాకముందు పొడిచిన్రు బిడ్డా. నేను తెచ్చుకునేదేంది, నాతోనే ఉన్నది,” అంది. అర్హత సాధించిన మొదటి ఉద్యమకారిణిగా ఆమెకు అక్కడికక్కడే దండ వేశారు.

చివరికి బడి నుంచి నిఘంటువు తెప్పించారు. యుగేందర్ సారు అర్థాలన్నీ గడగడా చదివి, అది విజయవాడలో అచ్చయిందని చూసి ఠక్కున మూసేశాడు.

“మన మాటకు అర్థం వాళ్ళు చెప్తరా? నీళ్ళు పాయె, కొలువులు పాయె, ఇగ అర్థాలు గూడ పోవాల్నా?”

చప్పట్లు మోగాయి. నిఘంటువును బహిష్కరిస్తూ, అందులోని మొదటి అర్థాన్ని మాత్రం స్వాధీనం చేసుకుంటూ తీర్మానించారు. ఆ అర్థం: నవరత్నాల్లో ఒకటి.

అందరి చూపూ గఫార్ మీద పడింది. గఫార్ బస్టాండు గోడ పక్కన అద్దాల పెట్టె పెట్టుకుని ఉంగరాలకు రాళ్ళు పొదుగుతాడు. సమ్మె మొదలైన రోజే పెట్టె మూసి శిబిరంలో వచ్చి కూర్చున్నాడు.

“అసలు పచ్చ నా తాన యాడుంటది సారూ? నా తాన ఉన్నయి గాజు ముక్కలు. పగిలిన సీసాలు సానబట్టినయి.”

“మెల్లగ గఫార్, జనం ఇంటున్నరు.”

“ఇననీయిండ్రి. గాజును పచ్చ అని నేను జిందగీల అమ్మలే.”

“ఉద్యమంల అసలు, నకిలీ అనుడేంది? గట్ల జనాన్ని విడగొట్టేటోడే ద్రోహి!”

ఇరవై ఏళ్ళు ఆ గోడ పక్కన కూర్చున్నా గఫార్‌ను ఎవరూ ఆ మాట అనలేదు. అతని ముఖం మాడిపోయింది. పెట్టె తెరిచి, పొద్దుగూకే లోపల నలభై ఉంగరాలు పొదిగి, “గాజే ఇది” అని ఒక్కొక్కరికీ చెబుతూ ఉచితంగా తొడిగాడు. తొడిగించుకున్నాక శిబిరం అతని పేరు దీక్షలో కూర్చునేవాళ్ళ జాబితాలోంచి కొట్టేసింది. రాష్ట్రం వచ్చేదాకా పచ్చకు ఎవరి అర్థం వారు వాడుకోవచ్చనీ, వచ్చాక కమిషన్ వేయాలనీ కూడా తీర్మానించింది.

మర్నాడు పొద్దున గఫార్ చెప్పులు తొడుక్కుంటుంటే భార్య జైనబ్ అడ్డం వచ్చింది. “ద్రోహి అన్నోళ్ళ ఎంబడి పోతవా?”

“తెలంగాణ వాళ్ళొక్కళ్ళదేనా?” అని గఫార్ బయల్దేరాడు.

జనగామ దాటాక పట్టాల మీద కూర్చున్నాం. దూరంగా ఒక రైలు వచ్చి ఆగింది. మా జన్మలో మా మాట విని ఆగిన మొదటి రైలు. ఆనందం పట్టలేక ఆడవాళ్ళంతా లేచి కొంగులు ఊపారు. ఆకుపచ్చ కొంగులు. అన్ని పచ్చజెండాలు ఒక్కసారి చూసిన డ్రైవరు కూత వేసి బండి కదిలించాడు. శోభారాణి ఊపిన పసుపు కొంగును అతను లెక్కచేయలేదు గనుక ఆ వివాదమూ అక్కడితో తేలిపోయింది.

“లేవుండ్రి! దిగుండ్రి!” అని మొదట అరిచింది గఫారే. లేవలేకపోతున్న భద్రమ్మను భుజాన వేసుకుని దిగిందీ అతనే. “ఉద్యమకారులు రైలును నిలువరించి, అనంతరం స్వయంగా పచ్చజెండా ఊపి సాగనంపారు,” అని యుగేందర్ సారు పత్రికలకు నివేదించాడు. అందులో గఫార్ పేరు లేదు.

సాయంత్రం విడుదలైన నాయకుడు నేరుగా శిబిరానికి వచ్చి, “పచ్చడేది?” అని అడిగాడు. పట్టాల మీద వంటావార్పు పెట్టి, అన్నం అక్కడ వండించి, పచ్చడి మా దగ్గరి నుంచి తెప్పించాలన్నది ఆయన పథకం. “ఆఖరి అక్షరం కొట్టేలోపట పోలీసోడు చెయ్యి గుంజిండు, మెసేజి అట్లనే పోయింది,” అన్నాడు. శిబిరం గంటసేపు చర్చించి పచ్చడి అనే అర్థాన్ని ఏకగ్రీవంగా తిరస్కరించింది.

రెండు వేల పద్నాలుగులో రాష్ట్రం వచ్చింది. మా ఊళ్ళో ఆ ఘనత ఉంగరాలకే దక్కింది. సభ పెట్టి, గఫార్‌ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. “ద్రోహులను తట్టుకుని నిలబడిన రత్నశాస్త్రవేత్త,” అని యుగేందర్ సారు పరిచయం చేశాడు. గఫార్ మైకు అందుకున్నాడు.

“అవి గాజు ముక్కలే. మీకు ఆ రోజే చెప్పిన.”

ఆయన వినయానికి సభంతా లేచి చప్పట్లు కొట్టింది. వెనక వరసలో కూర్చున్న జైనబ్ మాత్రం పైట అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వింది.

ఆ తర్వాత జనగామ జిల్లా కావాలని కొత్త పోరాటం లేచింది. ఈసారి గఫార్ హైదరాబాదు వెళ్ళి, ఒకే ఒక్క అసలైన పచ్చ తెచ్చి యుగేందర్ సారు ముందు పెట్టాడు. సారు దాన్ని వెలుతురులో తిప్పి చూసి పక్కకు జరిపాడు.

“గిది వద్దు గఫార్. గాజుదే తొడుగు. పనిజేసేది గదే.”

మీ వేలికి అసలైన పచ్చ ఉంటే, మా ఊరు వచ్చేటప్పుడు జేబులో వేసుకోండి. మిమ్మల్ని ఎవరూ నమ్మరు.